అమ్మకిచ్చిన పద్నాలుగు ఆవులు

మా చిన్నప్పుడు మా వీధిలో కాలు అవిటిదైన కుర్రాడొకడుండేవాడు. "వీడేం పని చేస్తాడమ్మా, పాపం!" అని ఇరుగుపొరుగు వాళ్ళు జాలిపడుతుంటే వాళ్ళమ్మ పెదవి విప్పేది కాదు. వాణ్ణి చంకనేసుకుని తిన్నగా బడికి నడిచేది. మొన్న థాడియస్ స్టీవెన్స్ జీవితం చదువుతుంటే ఆవిడే నా కళ్ళముందు నిలిచింది.

స్టీవెన్స్ 1792లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి నలుగురు మగపిల్లల్నీ భార్య మీద వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. పొలం పనికి పనికిరాని కొడుకుని చూసి ఆ తల్లి కుమిలిపోతూ కూర్చోలేదు. పనికిరాడు గనకే చదివించాలనుకుంది! రాత్రనక పగలనక రెక్కలు ముక్కలు చేసుకుంది. కొడుకు 1814లో డార్ట్‌మత్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, పెన్సిల్వేనియా రాష్ట్రం వెళ్ళి ప్లీడరయ్యాడు. తర్వాత అక్కడి శాసనసభకి ఎన్నికయ్యాడు.

1834లో ఆ రాష్ట్రంలో ఉచిత పాఠశాలల చట్టం వచ్చింది. "ఎవరి పిల్లల చదువుకో మేమెందుకు పన్ను కట్టాలి?" అని జనం మండిపడ్డారు. మరుసటి ఏడే చట్టం రద్దుకి సిద్ధమయ్యారు. అప్పుడు స్టీవెన్స్ లేచాడు. నేరస్థుల్ని శిక్షించడానికి నవ్వుతూ పన్ను కడతారే, మనిషి నేరస్థుడు కాకుండా కాపాడే చదువుకి కట్టమంటే ఏడుస్తారేం అని నిలదీశాడు. చట్టం నిలిచింది. చదువు విలువ అతనికి ఒకరు చెప్పాలా!

1849లో అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టాడు. మధ్యలో కొన్నేళ్ళు తప్పుకున్నా, 1859 నుంచి చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. నీగ్రోల బానిసత్వం పోవాలనీ, చట్టం ముందు అందరూ సమానం కావాలనీ పోరాడాడు. ఆ సమానత్వాన్ని రాజ్యాంగంలోకి తెచ్చిన 14వ సవరణ వెనక అతని పట్టుదల చాలా ఉంది. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన నడిపే నాటికి నడిచే ఓపికైనా లేదు, కుర్చీలో మోసుకొచ్చేవారు. ఒక్క ఓటు తక్కువై జాన్సన్ బయటపడ్డాడు.

ఆ ఆగస్టులోనే స్టీవెన్స్ కన్నుమూశాడు. నల్లవాళ్ళని రానివ్వని శ్మశానంలో తనకి చోటు వద్దని, లాంకాస్టర్‌లో అందర్నీ రానిచ్చే ఓ చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకున్నాడు.

ఇంత చేసినవాణ్ణి బతుకులో అన్నిటికన్నా సంతోషం కలిగించిందేమిటంటే ఏం చెప్పాడో తెలుసా? అమ్మకి 250 ఎకరాల పొలమూ, పద్నాలుగు పాడి ఆవులూ ఇవ్వగలగడమట! అప్పుడప్పుడూ ఓ బంగారు నాణెం కూడా ఇచ్చేవాడు. ఆవిడ దాన్ని మురిపెంగా చర్చి హుండీలో వేసేది.

నోరు విప్పితే సభ హడలిపోయే ఆ మనిషి, వీలునామాలో మాత్రం అమ్మ సమాధి చుట్టూ ఏటేటా గులాబీలు నాటమని డబ్బు రాసిపెట్టాడు.