ఎంజైము స్ఫటికమైన రోజు

కండ, చర్మం, జుట్టు ప్రోటీన్లతో తయారవుతాయని, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుందని 1920ల నాటికే తెలుసు. కణంలో రసాయన చర్యలను నడిపేవి ఎంజైములనీ తెలుసు. కానీ ఆ ఎంజైములు ఏ పదార్థమన్నదే తేలలేదు.

పత్రహరితం మీద పరిశోధనకు 1915 నోబెల్ బహుమతి పొందిన జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్, అవి ప్రోటీన్లు కానే కావన్నాడు. ఆయన శుద్ధి చేసిన ద్రావణాల్లో ఎంజైము చురుగ్గా పనిచేసేది. ప్రోటీన్ పరీక్షలకు మాత్రం ఏమీ చిక్కేది కాదు. రవ్వంత ఎంజైము కూడా బోలెడంత పని చేస్తుంది. అంత తక్కువ ప్రోటీన్‌ను పసిగట్టే శక్తి ఆనాటి పరీక్షలకు లేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జేమ్స్ సమ్నర్ వేరే దారి పట్టాడు. పదిహేడో ఏట వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమచేయి పోయింది. ఆయనది ఎడమచేతి వాటం. ఒంటిచేత్తో రసాయనశాస్త్రంలో రాణించలేవు, లా చదువుకోమని హార్వర్డ్‌లో ఆచార్యుడు ఆటో ఫోలిన్ సలహా ఇచ్చినా వినలేదు. 1917లో ఆయన ఎంచుకున్న ఎంజైము యూరియేజ్. ఇది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్‌బీన్ గింజల్లో ఇది పుష్కలం. ఎంజైమును శుద్ధంగా రాబట్టాలంటే అది దండిగా ఉన్నచోటే వెతకాలన్నది ఆయన పట్టుదల.

మొదట్లో ప్రయోగశాలలో ఐస్‌పెట్టె కూడా లేదు. గింజల పిండిని ఆల్కహాల్‌లో కలిపి తీసిన రసాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, రాత్రి చలి బాగా వేయాలని కోరుకునేవాడు. తొమ్మిదేళ్లు గడిచాయి. 1926లో ఆల్కహాల్ బదులు అసిటోన్ వాడి, వడగట్టిన రసాన్ని రాత్రంతా చల్లగా ఉంచాడు. తెల్లారి ఒక చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే బుల్లి బుల్లి స్ఫటికాలు! వాటిని వేరుచేసి నీటిలో కరిగిస్తే ప్రోటీన్ పరీక్షలన్నీ నెగ్గాయి, యూరియాను విడగొట్టే శక్తీ ఎంతో ఎక్కువగా కనిపించింది. వెంటనే భార్యకు ఫోన్ చేసి చెప్పాడు.

చాలామంది నమ్మలేదు. 1930లో మరో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ నార్త్‌రప్ మన కడుపులో ఆహారాన్ని జీర్ణంచేసే పెప్సిన్‌ను కూడా స్ఫటికాలుగా రాబట్టి, అదీ ప్రోటీనేనని చూపాక వాదం మారింది. 1946 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం సమ్నర్‌కు దక్కింది. మిగతా సగాన్ని నార్త్‌రప్, మరో శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ పంచుకున్నారు.

ప్రోటీన్ ఒళ్లు కట్టే సరుకే కాదు, కణంలో పనులు నడిపే కార్మికుడు కూడా అని ఆ స్ఫటికాలు రుజువు చేశాయి. రక్తంలో యూరియా ఎంతుందో తేల్చడానికి ల్యాబుల్లో నేటికీ వాడుతున్నది ఆ యూరియేజ్‌నే.