బ్రౌన్ దొర నకళ్లు - మన పీడీఎఫ్‌లు

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు. తర్వాత అక్కడే ఓ బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఈ కథ మనందరికీ తెలిసిందే. కానీ నా దృష్టిలో అసలు సంగతి వేరే ఉంది. ఒక్క ప్రతిని నమ్మకుండా, దొరికిన ప్రతులన్నీ పోల్చి చూసి, లేఖకుల తప్పులు దిద్దించాడాయన. 1829లో అచ్చువేయించిన వేమన పద్యాలూ అలా ఏరినవే.

ఇప్పుడు లేఖకుడి పని సాఫ్ట్‌వేర్‌ది. 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు పీడీఎఫ్‌లుగా మనదాకా వచ్చాయి. మెయిల్లో పంపాలంటే సైజు తగ్గించాల్సిందే కదా! ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో 'స్క్రీన్' సెట్టింగ్ పెడితే రంగు, గ్రే బొమ్మలు అంగుళానికి 72 చుక్కలకు పడిపోతాయి. ఒత్తులు అలుక్కుపోతాయి. పోనీ, అది కంటికి కనిపించే నష్టం.

కనిపించనిది ఇంకోటుంది. జేబిగ్2 అనే పద్ధతి ఒకేలా ఉన్న అక్షరాల బొమ్మను ఒక్కసారే దాచి, అన్నిచోట్లా దాన్నే వాడుతుంది. 'ఒకేలా' అన్నదగ్గరే చిక్కు. 2013లో జెరాక్స్ కంపెనీ స్కానర్లు ఇలాగే 6ని 8గా మార్చేస్తున్నాయని డేవిడ్ క్రీసెల్ బయటపెట్టాడు. మరి మన ద-ధ, ప-ష ల గతేంటి? పేజీ శుభ్రంగానే ఉంటుంది, పాఠం మారిపోతుంది!

అందుకే జేబిగ్2 వాడితే లాస్‌లెస్ మోడ్‌లోనే వాడండి. నాలుగు పేజీలు అసలుతో పోల్చి చూడండి. అసలు ఫైలు మాత్రం చెరపొద్దు. పోల్చడానికి రెండో ప్రతి లేకపోతే బ్రౌన్ పండితులైనా ఏం చేయగలరు?