కోనసీమ మండువా లోగిలి

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, సముద్రము నానుకొనియున్న కోనసీమ పల్లపు నేల. అచ్చటి వానకు, ఉక్కకు, వరదకు తగినట్లు మండువా లోగిలి అమరినదని మేము భావించుచున్నాము. మెరకచేసి లేపిన పునాది నేలతేమను, కొంత వరదను అడ్డగించును. నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా గదులకు వెలుతురు నిచ్చి వేడిగాలిని పైకి విడుచును. లోపలి చూరుల వాననీరు అందు పడి తూము గుండ వెలుపలికి పోవును. ముందునకు సాగిన చూరు గోడను తడియనీయదు. పాత యిల్లు విప్పినచో దూలములు, పెంకులు మరియొక యింటికి పనికివచ్చును.

అయినను ఇది కలవారి యిల్లు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట పెంచిన వరిసాగు సంపదను మరచి దీనిని వర్ణింపరాదు. పేదలది తాటాకు కప్పు. 1996 నవంబరు 6 నాటి తుపానులో అట్టి యిండ్లెన్నో కూలెను. పిమ్మట వారు కాంక్రీటు కప్పు కోరుట న్యాయమే.

కావున నేడు మనము గ్రహింపవలసినది ఆ యింటి రూపము కాదు, హేతువు. కాంక్రీటు ఇంటికిని మెరక పునాది, సాగిన చూరు, వేడిగాలి వెడలు మార్గము అమర్చవచ్చును. మెరక, చూరు, వసారా, మండువా యను మాటలలో ఆ హేతువు నిలిచియున్నది. ఇండ్లు విప్పబడుచున్నవి, వానితోపాటు మాటలును పోకమునుపే పరిశోధకులు ఇంటింటికి పోయి, కొలతలతో గూడ వానిని వ్రాసికొనవలెను.