వేగదేవుడికి నైవేద్యం

"ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్" అని 2005లో ఒక సినిమా వచ్చింది. పేరు వింటే మనవాడెవడో పరుగుపందెంలో గెలిచాడేమో అనుకుంటాం. కాదండీ. ఇండియన్ అనేది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో తయారైన మోటార్ సైకిల్ పేరు. దాన్ని నడిపినాయనదేమో న్యూజిలాండ్. పేరు బర్ట్ మన్రో. ఆ పాత్ర ఆంథొనీ హాప్కిన్స్ వేశాడు. చూసినవాళ్ళకి ఆ ముసలాయన మీద ఇష్టం కలగక మానదు. తెల్లారకముందే బండి స్టార్ట్ చేసి వీధంతా లేపుతాడు, పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో చేయకూడని పని చేస్తాడు. అయినా పక్కింటి పిల్లాడికి ఆయనంటే ప్రాణం.

సినిమా మొదలయ్యేసరికే ఆయనకి అరవై దాటాయి. ఒక్కడే షెడ్డులో ఉంటాడు. మంచం పక్కనే మెషీన్లు, పనిముట్లు, నూనె మరకలు. ఆ షెడ్డు చూసినప్పటి నుంచీ నాకొకటే ప్రశ్న. ఈయన ఇల్లేదీ? ఇల్లాలేదీ? ఆ తర్వాత దొరికినంత వరకు చదివాను. ఇల్లూ ఉండేది, ఇల్లాలూ ఉండేది, నలుగురు పిల్లలు కూడా. వాళ్ళని కలుపుకుంటేనే ఈ బండి చరిత్ర పూర్తవుతుందని నాకనిపిస్తుంది.

మన్రో 1899లో న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. కవలల్లో ఒకడు. చెల్లెలో అక్కో, ఆ ఆడపిల్ల పుట్టినప్పుడే పోయింది. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడు ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే వేగంగా పరిగెత్తే గుర్రాన్ని పట్టుకుని పొలమంతా తిరిగేవాడట, నాన్న కేకలేస్తున్నా. 1920లో, ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు, కొత్త ఇండియన్ స్కౌట్ బండి కొన్నాడు. ఇంజిన్ 600 సీసీ. కంపెనీ ఇచ్చిన వేగం గంటకి 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు. ఇవాళ మన హైవేల మీద కుర్రాళ్ళు హెల్మెట్ లేకుండా పోయేపాటి వేగం.

ఎవరైనా నాలుగేళ్ళు నడిపి అమ్మేసి ఇంకోటి కొంటారు. ఈయన అమ్మలేదు. అదే బండిని నలభై ఏడేళ్ళు విప్పి బిగిస్తూనే ఉన్నాడు.

డబ్బు లేదు. అందుకని కావలసిన సామాన్లన్నీ తనే చేసుకున్నాడు. పిస్టన్లు ఎలా చేశాడో చదువుతుంటే నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇత్తడి గిన్నెలకి కళాయి పూయడానికి వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు. వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదుతూ, మన కళ్ళ ముందే లోహాన్ని నీళ్ళలా చేసేవాళ్ళు. మన్రో దగ్గర కూడా అంతకంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. పాడైపోయిన పిస్టన్లు కరిగించి, పాత డబ్బాలనే మూసలుగా వాడుకుని, కొత్తవి పోత పోసేవాడు. ఇంజిన్ సిలిండర్లు, ఫ్లైవీల్ కూడా సొంతంగానే. కొలవడానికి మైక్రోమీటర్ లేకపోతే పాత చక్రపు ఊచని కొలబద్దగా వాడాడు. పిస్టన్‌ని క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్లయితే, విరిగిపోయిన ట్రాక్టర్ ఇరుసు ముక్క తెచ్చి, ఆకురాయితో చేత్తో అరగదీసి తయారుచేశాడు. ఇరుసుని ఆకురాయితో! పప్పురుబ్బే రోలుని గరుకుకాగితంతో చెక్కినట్టే.

ఇంత ఎందుకంటే, వేగం పెరిగేకొద్దీ కష్టం మామూలుగా పెరగదు. ఇంజిన్ రెట్టింపు వేగంగా తిరిగితే లోపలి రాడ్ల మీద పడే లాగుడు నాలుగు రెట్లవుతుంది. బయట గాలి సంగతి ఇంకా ఘోరం. బండి వేగం రెట్టింపు చేయాలంటే గాలిని తోసుకుపోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 55 మైళ్ళ బండి 184 మైళ్ళు వెళ్ళాలంటే, దాని ఆకారం మారకుండా ఉంటే, ముప్ఫై రెట్లకు పైగా శక్తి కావాలన్నమాట. అందుకే ఆయన ఇంజిన్‌ని 600 నుంచి చివరికి 950 సీసీ దాకా పెంచాడు, వాల్వుల అమరికే మార్చేశాడు, ఆఖరికి బండి మొత్తానికి చేప ఆకారంలో ఫైబర్‌గ్లాస్ తొడుగు చేసి అందులో దూరి నడిపాడు.

ఏది చేసినా సగం పగిలిపోయేది. పగిలిన పిస్టన్లు, కాలిపోయిన ముక్కలు పారెయ్యకుండా షెడ్డులో అరల మీద వరసగా పెట్టి, పైన "వేగదేవుడికి నైవేద్యాలు" అనే అర్థం వచ్చేలా రాసుకున్నాడు. మనం దేవుడి గూట్లో పటాలు పెట్టుకున్నట్టు. 1971లో ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి కూడా ఆ మాటలే పేరుగా పెట్టారు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం.

1927లో మన్రో బెరిల్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె వచ్చేటప్పటికే ఆ బండి ఆ ఇంట్లో ఏడేళ్ళ సీనియర్. ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు పుట్టారు. 1930లంటే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. అంతకుముందు పందేల్లో బండి నడిపి సంపాదించిన మనిషి, మళ్ళీ తండ్రి పొలానికి తిరిగొచ్చాడు. తర్వాత మోటార్ సైకిళ్ళు అమ్మే ఉద్యోగం. పగలంతా షాపులో బళ్ళు అమ్మి, బాగుచేసి, రాత్రుళ్ళు తన బండి దగ్గర తెల్లార్లూ కూర్చునేవాడు. అదొక్కటే కాదు, 1936 నాటి వెలోసెట్ అనే ఇంకో బండి కూడా ఉండేది, దానికీ ఇదే సేవ. 1938లో న్యూజిలాండ్ రికార్డులు వచ్చాయి. ఆ మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, పెట్రోలుకి రేషన్ వచ్చింది. 1940లలో ఆ దంపతులు విడిపోయారు. ఆ దశాబ్దం చివరికి ఆయన ఉద్యోగం కూడా మానేసి, షెడ్డులోనే మంచం వేసుకుని పూర్తిగా బండికే అంకితమైపోయాడు.

మన్రో మీద రాసినవాళ్ళు చాలామంది ఈ ఇరవై ఏళ్ళని ఒక్క వాక్యంలో దాటేస్తారు. "పెళ్ళయింది, నలుగురు పిల్లలు, విడిపోయారు" అని. కనెక్టింగ్ రాడ్ గురించి మాత్రం పేజీ రాస్తారు. తెల్లార్లూ పోత పోసేవాడు పొద్దున్నే నలుగురు పిల్లలకి జడలు వేసి, టిఫిన్ పెట్టి, బడికి పంపలేడు కదా. ఆ పని ఎవరో ఒకరు చేసే ఉంటారు. ఎవరో మనకి తెలియని విషయం కాదు. మా తమ్ముడు కుర్రాడిగా ఉన్నప్పుడు ఆదివారం ఆదివారం స్కూటర్ కార్బురేటర్ విప్పి వరండా అంతా పరిచేవాడు. మా అమ్మ వాటిని దాటుకుంటూ బట్టలు ఆరేసేది. అది వారానికి ఒక్కరోజు. ఇరవై ఏళ్ళు, రోజూ అలా దాటుకుంటూ నడవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అలాగని మన్రోని తిట్టి పక్కన పెట్టేద్దామంటే అదీ మనసొప్పదు. ఆయన తాగి తిరగలేదు, పేకాడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. చేతిలో విద్య ఉంది, ఆ విద్య అడిగినంతా ఇచ్చాడు. ఇచ్చిందాంట్లో బెరిల్ వాటా కూడా ఉందన్నది నా బాధ.

తర్వాతి కథ ప్రపంచానికి తెలిసిందే. అమెరికాలో యూటా రాష్ట్రంలో బాన్విల్ అనే ఉప్పునేల ఉంది. కంటికానినంత మేర తెల్లగా, చదునుగా ఉంటుంది. బళ్ళ వేగం రికార్డులకి అదే క్షేత్రం. బండిని ఓడలో వేసుకుని పసిఫిక్ మహాసముద్రం దాటి వెళ్ళాడు మన్రో. ఒకసారి కాదు, జీవితంలో పదిసార్లు. అక్కడ రికార్డు ఇవ్వాలంటే ఒకవైపు పరిగెత్తితే చాలదు. గాలి వాలు కలిసొచ్చి గెలవకుండా, వెంటనే తిరుగు దిశలో కూడా నడపాలి, రెండిటి సగటు తీస్తారు. 1962లో, 63 ఏళ్ళ వయసులో, గంటకి 288 కిలోమీటర్ల రికార్డు. 1966లో పెద్ద ఇంజిన్ల తరగతిలో ఇంకోటి. 1967 ఆగస్టులో, 68 ఏళ్ళప్పుడు, 183.586 మైళ్ళు. అంటే 295 కిలోమీటర్లు పైమాటే. ఆ వేగంతో హైదరాబాద్‌లో బయల్దేరితే గంటలోపు విజయవాడ చేరతాం. గుండెజబ్బు ఉన్న పెద్దమనిషి, 1920 నాటి బండి, ఇంట్లో పోసిన పిస్టన్లు! ఆ తరగతిలో దాన్ని ఇంతవరకు ఎవరూ దాటలేదు.

1977లో పక్షవాతం వచ్చింది. చేతులు మాట వినకపోవడంతో రెండు బళ్ళనీ ఊళ్ళోనే హేస్ అనే హార్డ్‌వేర్ షాపువాళ్ళకి అమ్మేశాడు. 1978 జనవరిలో పోయాడు. ఇన్వర్‌కార్గిల్ వెళ్తే ఇప్పటికీ ఆ షాపులో, మేకులు, బకెట్లు, వంటసామాను కొనుక్కునే జనం మధ్యలో ఆ బళ్ళని చూడొచ్చు. ఇంటిసామాన్ల షాపులో చోటు దొరకడం నాకు భలే నచ్చింది.

ఆయన పోయిన ముప్ఫై ఆరేళ్ళకి, 2014లో, ఆ నాటి రికార్డు కాగితాలు చూస్తుంటే ఒకరికి లెక్క తేడాగా కనిపించింది. రెండు పరుగుల అంకెలూ సరిగానే ఉన్నాయి, సగటు తీయడంలో పొరపాటు జరిగింది. అమెరికన్ మోటార్ సైకిల్ సంఘానికి తెలియజేస్తే వాళ్ళు లెక్క మళ్ళీ చూసుకుని, 183.586ని కొట్టేసి 184.087 అని దిద్దారు. తేడా అర మైలు. ఆ కాగితం అంత శ్రద్ధగా చూసింది అభిమాని కాదు, పత్రికలవాళ్ళు కాదు. బెరిల్ కొడుకు.