తోపు, పోరంబోకు, కంచ: పట్టణ వృక్షరక్షణలో భూమి పేర్ల చరిత్ర

ఉపోద్ఘాతం

పట్టణాలలో చెట్లు తరిగిపోవడానికి జనాభా పెరుగుదలను, రహదారుల విస్తరణను, ప్రజల అలక్ష్యాన్ని కారణాలుగా చెప్పడం పరిపాటి. ఇవన్నీ నిజమే. అయితే చెట్టు నిలిచిన నేలకు రెవిన్యూ దస్తరంలో ఏ పేరున్నదన్న ప్రశ్న వీటన్నింటికంటె ముందు వేసుకోవలసినది. గొడ్డలి పడకముందే ఆ చెట్టు భవితవ్యం చాలావరకు ఆ పేరులో నిర్ణయమై ఉంటుంది. తోపు, పోరంబోకు, కంచ అనే మూడు మాటల చరిత్రను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని నిరూపించడం, నెల్లూరు తీరంలోని కోట ప్రాంతానికి దానిని అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

వనం, తోపు

తెలుగువారి సంప్రదాయం వనప్రతిష్ఠను సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించింది. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, కృతినందడం ఎంత పుణ్యమో చెట్లు నాటించడమూ అంత పుణ్యమే. దేవాలయాల పూదోటలకు భూమినిచ్చిన దానాలు తెలుగు శాసనాలలో తరచుగా కనిపిస్తాయి. నెల్లూరు మండల శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా 1905లో ప్రకటించారు. ఇటువంటి శాసనాలలో దాత పేరుతోపాటు భూమి ఎల్లలు, దాని వినియోగం, ధర్మాన్ని చెరిపినవారికి కలిగే పాపం చెప్పబడుతాయి. అంటే వనరక్షణకు సద్భావన ఒక్కటే చాలదని, ఎల్లలు చెక్కిన రాయి కూడా కావాలని పూర్వులు గుర్తించారు.

తోట, తోపు అనే మాటలకు వాడుకలో తేడా ఉన్నది. తోటకు నీరు, కాపలా, యజమాని కావాలి. తోపు నాటినవాని తరువాత కూడా నిలిచే పెద్దచెట్ల గుంపు. బాటసారికి, పశువులకు, సంతకు, జాతరకు అది నీడ. దాని విలువ ఫలసాయంలో కంటె ఉమ్మడి వినియోగంలో ఉన్నది.

పోరంబోకు

1801లో ఆర్కాటు నవాబుతో కుదిరిన ఒడంబడిక వలన నెల్లూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. తరువాతి రైతువారీ విధానంలో భూమిని శిస్తు కోసం కొలిచి వర్గీకరించారు. శిస్తు రాని నేలకు స్థిరపడిన పేరు పోరంబోకు. ఇది తమిళం నుండి వచ్చిన మాట. ‘పుఱం’ అంటే వెలుపల. పన్ను లెక్కకు వెలుపల ఉంచిన భూమి అని దాని అభిప్రాయం. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, బాట పోరంబోకు, తోపు పోరంబోకు అని దస్తరాలలో విభాగాలు ఏర్పడినాయి.

ఇక్కడ జరిగిన అర్థపరిణామం గమనింపదగినది. ఊరి దృష్టిలో తోపు ఒక ప్రయోజనం. దస్తరం దృష్టిలో అది ఒక లోటు, అంటే శిస్తు లేకపోవడం. ముఖ్యపదం తోపు కాక పోరంబోకు అయింది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం ఇటువంటి నేలలపై ప్రభుత్వ యాజమాన్యాన్ని స్పష్టపరిచింది. కాపాడడానికి ఏర్పడిన అదే యాజమాన్యం వేరొక అవసరానికి కేటాయించడానికీ మార్గమైంది. కాలక్రమాన పోరంబోకు అనే మాట పనీపాటా లేక తిరిగేవానికి తిట్టుగా మారింది. ఎవరికీ చెందనిది పనికిరానిదే అన్న భావం భాషలో ఎంత లోతుగా నాటుకున్నదో ఈ తిట్టు తెలుపుతున్నది.

నిఘంటువు చెప్పిన అడవి

ఈ ధోరణికి పెద్ద అడ్డుకట్ట 1996 డిసెంబరు 12న పడింది. గోదావర్మన్ తిరుమల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు, 1980 అటవీ సంరక్షణ చట్టంలోని ‘అడవి’ అనే మాటను నిఘంటువు అర్థంలో గ్రహించాలని, యాజమాన్యం ఎవరిదైనా ఆ అర్థమే వర్తిస్తుందని తెలిపింది. 2023లో చట్టాన్ని సవరించి దాని పరిధిని కుదించినప్పుడు, 2024 ఫిబ్రవరిలో న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వుతో ఆ నిఘంటువు అర్థాన్నే కొనసాగించింది. 2011 నాటి జగ్పాల్ సింగ్ తీర్పు పోరంబోకుతో సహా గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఉమ్మడి రాష్ట్రం 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్టు నరకడానికి అనుమతిని తప్పనిసరి చేసింది. కాని అది ప్రధానంగా చెట్టును చూస్తుంది, చోటును చూడదు. నరికిన చెట్టుకు బదులుగా మొక్క మరొకచోట నాటవచ్చు. నేల మాత్రం తిరిగి రాదు.

కంచ గచ్చిబౌలి

తెలంగాణలో కంచ అంటే పశువుల మేతకు విడిచిన బీడు. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాలను ప్రభుత్వం 2003లో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేసింది. దీర్ఘకాలపు వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి చివర అక్కడ యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలుకాగా విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాలలో పచ్చదనం పోయింది.

ఆ నేల ఎన్నడూ అడవిగా ప్రకటింపబడలేదని ప్రభుత్వం వాదించింది. దస్తరం ప్రకారం ఆ వాదానికి ఆధారం ఉన్నది. పరిశ్రమల ద్వారా ఉపాధి కల్పించే బాధ్యత ప్రభుత్వానికి ఉన్నదనడమూ కాదనరానిది. అయినా అక్కడ చెట్లు, నెమళ్ళు, జింకలు ఉన్నవన్నది వాస్తవం. మేత ఆగిపోయిన కంచ ఏండ్లు గడిచి అడవియైనది, పేరు మాత్రం మారలేదు. ఇదే నగరంలో చిరాన్ ప్యాలెస్ పరిసర వనానికి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానమన్న పేరు చట్టబద్ధంగా లభించింది. చుట్టూ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎంత పెరిగినా ఆ వనం నేటికీ నిలిచి ఉన్నది. రెండింటి నడుమ తేడాకు ఆ పేరు ఒక ప్రధాన కారణం.

కోట ముందున్న కర్తవ్యం

కోట ఇంకా నగరం కాదు. కాని నగరం దాని వైపు వస్తున్నది. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక నడవాలో భాగంగా కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 30న ఆమోదం తెలిపింది. చిల్లకూరు, కోట మండలాలలో రూపుదిద్దుకొంటున్న దీనికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఈ తీరంలో ఇసుకనేలలు, తాటిచెట్లు, సరుగుడు తోటలు, చెరువుకట్టలపై పెరిగిన చెట్లు ఉన్నవి. తుపానుగాలికి మొదట ఎదురు నిలిచేవి ఇవే. వీటిలో ఉమ్మడి నేలమీద ఉన్నవి పోరంబోకు అన్న పేరుతోనే కొనసాగితే, కొలతలు వేసేవారికి అవి ఖాళీ స్థలాలుగానే కనిపిస్తాయి.

లేఔటు విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించాలని రాష్ట్ర నిబంధనలు చెబుతున్నవి. అది కొత్తగా ఏర్పడే జాగా. పాతతోపుల మాట వేరు. పటాలు ఖరారు కాకముందే వాటిని సర్వే నంబరుతో, ఎల్లలతో, వినియోగంతో నమోదు చేయాలి. ఈ పనిలో రెవిన్యూ ఉద్యోగితోపాటు ఆ తోపును ఊరు ఏ పేరుతో పిలుస్తున్నదో చెప్పగల పెద్దలు, ఆ పేర్లను సేకరించగల భాషా పరిశోధకులు కూడా పాల్గొనవలసి ఉన్నది.

ముగింపు

శాసనకర్త వనం ఎల్లలను రాతిపై చెక్కించాడు. వలసపాలన దస్తరం ఆ వనాన్ని శిస్తు లేని నేలగా చూసింది. న్యాయస్థానం మాటకు దాని అర్థాన్ని తిరిగి ఇచ్చింది. కాని కంచ గచ్చిబౌలిలో అది యంత్రాలు దిగిన తరువాత జరిగింది. కోటకు ఆ ఆలస్యం ఇంకా కాలేదు. అక్కడి తోపులు నగరపటంలో ఏ పేరుతో ఎక్కుతాయన్నదానిని బట్టి రేపటి కోట నీడ నిర్ణయమవుతుంది.