బిల్లసర్గంలో దొరకని జబ్బు

బేతంచెర్ల అనగానే అందరికీ నాపరాళ్ళు గుర్తుకు వస్తాయి. చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి దగ్గరలోని బిల్లసర్గం గుహలు కూడా గుర్తుకు వస్తాయి. 1844లో న్యూబోల్డ్ వాటి గురించి రాశాడు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వి ఎన్నో జంతువుల ఎముకలు వెలికితీశారు. ఎముక వేల ఏళ్ళు నిలుస్తుంది. పేగు నిలవదు. అందుచేత పేగు జబ్బుల చరిత్రను మట్టిలో కాక మనుషుల మాటల్లో వెతకవలసి ఉంటుంది.

నెలల తరబడి విరేచనాలై మనిషి చిక్కి శల్యమైతే మా పెద్దలు "గ్రహణి పట్టింది" అనేవారు. ఆ ఒక్క మాట చాటున ఎన్ని జబ్బులు దాగి ఉండేవో! పేగుకు పట్టే అమైలాయిడోసిస్ కూడా వాటిలో ఒకటై ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది.

ఆ పేరు పుట్టుకే ఒక పొరపాటు. 1854లో జర్మన్ వైద్యుడు విర్కో, అయోడిన్ తగిలి రంగు మారిన పదార్థాన్ని చూసి పిండి వంటిదనుకొని అమైలాయిడ్ అన్నాడు. అది మాంసకృత్తు అని 1859లో ఫ్రీడ్రిక్, కెకూలే తేల్చారు. పేరు మాత్రం నిలిచిపోయింది. 1922లో బెన్‌హోల్డ్ కాంగో రెడ్ అనే రంగుతో దాన్ని గుర్తించే దారి చూపాడు.

ఒంట్లో ఏళ్ళ తరబడి చీము, వాపు రగులుతూ ఉంటే కాలేయం ఒక మాంసకృత్తును అతిగా తయారుచేస్తుంది. దాని ముక్కలు సన్నని పోగులుగా అవయవాల్లో పేరుకుంటాయి. ఎక్కువగా దెబ్బతినేవి మూత్రపిండాలు. అరుదుగా పేగే ముందు బయటపడుతుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తం పోతుంది, అడ్డమేమీ లేకున్నా పేగు కదలక నిలిచిపోతుంది. చిన్న ముక్క తీసి రంగు వేసి చూస్తే తప్ప నిజం తెలియదు.

మన దేశంలో ఈ రకానికి చాలాకాలం ముఖ్య కారణం క్షయ. 1910ల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసేనాటికి గాలి, తిండి, విశ్రాంతే మందులు. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో, క్షయకు ఐసోనయాజిడ్ 1952లో వచ్చాయి. అంతకుముందు క్షయతో ఏళ్ళు గడిపినవారిలో ఎందరి పేగుల్లో ఈ పోగులు పేరుకున్నాయో లెక్క లేదు.

రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తే క్షయ సులువుగా అంటుకుంటుంది. నాపరాయి సున్నపురాయి కనుక అందులో సిలికా ఇసుకరాతిలో ఉన్నంత ఉండదు. అయినా రాతిపని చేసేవారు దగ్గును తేలికగా తీసుకోరాదు. క్షయకు మొదలుపెట్టిన మందును, దగ్గు తగ్గిందని మధ్యలో మానరాదు. ఆ పోగులు పేరుకున్నాక తొలగించడం కష్టం. పేరుకోకుండా చూడడం మాత్రం నేడు మన చేతిలో ఉంది. గ్రహణి అన్న ఒక్క మాటతో సాగనంపిన మన పూర్వికులకు ఆ అదృష్టం లేకపోయింది.