సుద్ద పూసిన టోగా: ప్రాచీన రోములో ఓట్ల యాచన, పదవీకాంక్ష

పదవి కోసం మనిషి పడే ఆరాటానికి యూరపు భాషలలో వాడే ‘యాంబిషన్’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘అంబిటియో’. దానికి మొదటి అర్థం చుట్టూ తిరగడమే. రోము నగరంలో పదవి కోరినవాడు ఫోరం అనే నడిబొడ్డు మైదానంలో ఓటరు వెంట ఓటరును కలుసుకుంటూ, చేయి పట్టుకుని మద్దతు అడుగుతూ తిరిగే ఆచారం నుంచే ఆ మాటకు పదవీకాంక్ష అనే అర్థం సంక్రమించింది. అదే ధాతువు నుంచి పుట్టిన ‘అంబిటుస్’ మాత్రం ఓట్ల కోసం డబ్బు పంచడం మొదలైన ఎన్నికల అక్రమాలకు చట్టం పెట్టిన పేరు. రెండు మాటల్లోనూ ఉన్నది తిరగడమే అయినా, ఆ తిరగడం ఎంతవరకు మర్యాదో, ఎక్కడినుంచి నేరమో రోమన్లు మూడు శతాబ్దాలకు పైగా చట్టం మీద చట్టం చేస్తూ కూడా తేల్చుకోలేకపోయారు.

అలా తిరిగేవాడు అందరి కంటా పడేందుకు తన పైవస్త్రమైన టోగాకు సుద్ద పట్టించి తళతళలాడేటట్లు చేసుకునేవాడు; ఆ ధవళవస్త్రాన్ని బట్టి అతనికి ‘కాండిడాటుస్’ అన్న పేరు వచ్చింది, నేటి ‘క్యాండిడేట్’ అక్కడిదే. అతనికే ‘పెటిటోర్’, అంటే కోరేవాడు, అన్న పేరు కూడా ఉండేది. తెలుగులో ‘అభ్యర్థి’ అన్న మాటకూ వేడుకొనేవాడనే అర్థం కనుక, ఈ రెండో లాటిన్ మాటకు తెలుగే సరైన అనువాదం అనుకోవచ్చు. బట్టలకు తెలుపు పట్టించకూడదని క్రీ.పూ. 432లోనే ఒక చట్టం వచ్చిందని చరిత్రకారుడు లివీ రాశాడు గాని, ఆచారం ముందు ఆ చట్టం నిలిచినట్లు లేదు.

రాజును వెళ్ళగొట్టిన తరువాత రోమన్లు అధికారమంతా ఒకరి చేతిలో ఉండరాదని, కాన్సల్ అనే అత్యున్నత పదవిని ఏటా మారే ఇద్దరికి అప్పగించారు. క్రీ.పూ. 180 నాటి విల్లియా చట్టం ఒక్కొక్క పదవికి కనీస వయస్సును నిర్ణయించింది, క్రీ.పూ. 81 ప్రాంతంలో నియంత సుల్లా చేసిన సంస్కరణలతో పదవుల మెట్ల వరుస మరింత బిగిసింది. ఖజానా వ్యవహారాలు చూసే క్వెస్టర్లు 20 మంది, న్యాయవిచారణ జరిపే ప్రీటర్లు 8 మంది, కాన్సల్స్ ఇద్దరు. కింది మెట్టు ఎక్కిన ఇరవై మందిలో పద్దెనిమిది మందికి పై మెట్టు అందదని లెక్కే చెబుతుంది. ఒకరి ఆధిపత్యాన్ని నివారించడానికి చేసిన ఈ ఏర్పాటే ప్రతి తరంలోనూ ఓడిపోయిన, అప్పుల పాలైన, అవమానం మరచిపోలేని కులీనులను తయారుచేసిందన్నది ఆ వ్యవస్థలోని అసలు చిక్కు.

తాతముత్తాతలలో ఎవరూ ఉన్నత పదవి చేయనివాణ్ణి రోమన్లు ‘కొత్త మనిషి’ అనేవారు. అలాంటి సిసెరో క్రీ.పూ. 64లో పోటీ చేసి, కనీస వయస్సు నిండగానే మరుసటి ఏటికి కాన్సల్‌గా ఎన్నికయ్యాడు. ఆ సందర్భంలో అతని తమ్ముడు క్వింటుస్ రాసినట్లుగా ప్రచారంలో ఉన్న ఒక చిన్న కరదీపిక, కర్తృత్వం మీద పండితులలో వాదం ఉన్నా, ఓట్ల యాచన ఎలా సాగేదో విప్పి చూపిస్తుంది. ఓటర్లను పేరుపెట్టి పలకరించాలనీ, ఇంటి తలుపులే కాక ముఖం కూడా తెరిచి ఉంచాలనీ, చేయలేని పనికైనా కాదనకుండా మాట ఇవ్వాలనీ అందులోని సలహాలు. మాట తప్పినవాడి మీద కన్నా ముఖం మీదే కాదన్నవాడి మీద జనానికి కోపం ఎక్కువన్నది దాని తర్కం. పేర్లు గుర్తుండనివారి పక్కన ‘నోమెన్‌క్లాటోర్’ అనే బానిస నడుస్తూ, ఎదురు వచ్చేవాడి పేరు చెవిలో ఊదేవాడు.

అయితే ఈ వినయమంతా అందరి ముందూ ఒకే మోతాదులో ఒలకబోయవలసిన అవసరం లేదు. కాన్సల్ ఎన్నిక జరిగే సభలో పౌరులు ఆస్తిని బట్టి 193 శతకాలుగా విభజింపబడి ఉండేవారు. ఒక్కొక్క శతకానికి ఒక్కటే ఓటు. సంపన్న వర్గాల శతకాలలో మనుషులు తక్కువ, కాని ముందుగా పిలుపు వారికే. ఆస్తి లేని నిరుపేదలందరికీ కలిపి ఒకే శతకం. 97 శతకాలు ఒకరి వైపు మొగ్గగానే ఫలితం తేలిపోయేది కనుక, అడుగు శతకాలకు తరచుగా పిలుపే వచ్చేది కాదు. క్రీ.పూ. 139లో గబీనియా చట్టం నోటిమాటకు బదులు మైనం పూసిన పలకల మీద రహస్యంగా ఓటు వేసే పద్ధతిని తెచ్చినప్పుడు పెద్దలకు కంటగింపు కలిగింది. తమ ఆశ్రితులు ఎటు వేశారో ఇకపై తెలియదు కనుక, డబ్బుకు గిరాకీ పెరగడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

ఆ డబ్బు చేతులు మారడానికి ఒక పద్ధతి ఏర్పడింది. పంచిపెట్టే దళారులు వేరు, ఫలితం తేలేవరకు సొమ్మును తమ దగ్గర ఉంచుకునే మధ్యవర్తులు వేరు. క్రీ.పూ. 54లో కాన్సల్ పదవికి పోటీ ఎంత తీవ్రమైందంటే, రోములో వడ్డీ ఒక్కసారిగా సాలుకు 4 శాతం నుంచి 8 శాతానికి లేచిందని సిసెరో తన మిత్రుడు అట్టికుస్‌కు రాసిన లేఖ వల్ల తెలుస్తుంది. అభ్యర్థులలో ఒకడైన మెమ్మియుస్ తాను అప్పటి కాన్సల్స్‌తో కుదుర్చుకున్న రహస్య ఒప్పందాన్ని పెద్దల సభ అయిన సెనేట్‌లోనే చదివి వినిపించాడు. నలుగురు అభ్యర్థుల మీదా కేసులు పడ్డాయి. మరుసటి ఏడు సగం గడిచేవరకు రోముకు కాన్సల్స్ లేరు. ఈ అప్పులను తీర్చేది అంతిమంగా రాష్ట్రాల ప్రజలే, ఎందుకంటే పదవి ముగిశాక దక్కే గవర్నర్‌గిరీయే పెట్టిన పెట్టుబడి రాబట్టుకునే మార్గం. క్రీ.పూ. 61లో సీజర్ స్పెయిన్‌కు గవర్నరుగా బయలుదేరబోతే అప్పులవాళ్ళు అడ్డుపడ్డారనీ, సంపన్నుడైన క్రాసస్ 830 టాలెంట్ల అప్పుకు జామీను ఉంటేగాని కదలలేకపోయాడనీ ప్లూటార్క్ చెబుతాడు.

చట్టాలకు కొదవ లేదు. క్రీ.పూ. 67 నాటి కల్పుర్నియా చట్టం నేరం రుజువైనవాణ్ణి సెనేట్ నుంచీ పదవుల నుంచీ శాశ్వతంగా తప్పించింది, క్రీ.పూ. 63లో కాన్సల్‌గా సిసెరో స్వయంగా తెచ్చిన తుల్లియా చట్టం దానికి పదేళ్ళ ప్రవాసాన్ని కలిపింది. అదే ఏడు కాన్సల్ ఎన్నికలో గెలిచిన మురేనా మీద, ఓడిపోయిన సుల్పికియుస్, అతనికి తోడుగా నీతిపరుడన్న పేరున్న కేటో, లంచాల కేసు వేస్తే, మురేనా తరఫున వాదించి విడిపించింది చట్టం చేసిన సిసెరోయే. ఎన్నికలో ఓడిన కాటిలీన్ రాజ్యం మీద పన్నిన కుట్ర ముంచుకొస్తున్న వేళ రాజ్యానికి ఒక కాన్సల్ తక్కువ కారాదన్నది అతని వాదం. సందర్భం తెలిసినవారికి అది సమంజసంగానే తోస్తుంది గాని, చట్టం పరువు మాత్రం ఆ రోజే పోయింది.

ఆ కుట్ర చరిత్రను రాసిన సాల్లస్ట్ ధనాశను నిష్కర్షగా ఖండిస్తూనే, పదవీకాంక్ష దోషమైనా సద్గుణానికి దగ్గరి దోషమని కాస్త సడలింపు ఇచ్చాడు. యవ్వనంలో తానూ ఆ వ్యామోహంలో పడ్డానని ఒప్పుకున్న ఈ రచయిత క్రీ.పూ. 50లో సెనేట్ నుంచి బహిష్కృతుడైనవాడు, తరువాత ఆఫ్రికా గవర్నరుగా ప్రజలను దోచుకున్నాడన్న ఆరోపణ మోసినవాడు.

సీజర్ జీవితంలోని రెండు కీలక ఘట్టాలూ అభ్యర్థిత్వపు నియమానికే ముడిపడి ఉన్నాయి. పోటీ చేసేవాడు స్వయంగా నగరంలోకి వచ్చి పేరు ఇవ్వాలి; విజయోత్సవం కోరే సేనాని మాత్రం ఉత్సవం జరిగేదాకా నగర సరిహద్దు దాటరాదు. క్రీ.పూ. 60లో సీజర్ మినహాయింపు అడిగితే, కేటో పొద్దుగుంకేదాకా ప్రసంగించి దాన్ని అడ్డుకున్నాడు. సీజర్ ఉత్సవాన్ని వదులుకుని అభ్యర్థి అయ్యాడు. పదేళ్ళ తరువాత, సైన్యాన్ని వదలకుండానే మళ్ళీ కాన్సల్ పదవికి పోటీ చేసే హక్కు తనకు ఉందన్నాడు. సైన్యం వదిలి సాధారణ పౌరుడిగా వస్తే విచారణకు ఈడుస్తామని ప్రత్యర్థులు బెదిరించారు. క్రీ.పూ. 49 జనవరిలో అతను రూబికాన్ ఏరు దాటిన వెనుక, రాజ్యకాంక్ష ఎంత ఉన్నా, బయటికి చెప్పిన వివాదాలలో ఇది ముఖ్యమైనది.

అంతర్యుద్ధాల అనంతరం ఏకచ్ఛత్రాధిపతి అయిన అగస్టస్ ఎన్నికలను రద్దు చేయలేదు, క్రీ.పూ. 18లో లంచాల మీద మరో చట్టం కూడా చేశాడు. తాను చెందిన తెగల (ఓటరు విభాగాల) వారు అభ్యర్థుల దగ్గర చేయి చాచకుండా, ఎన్నికల రోజున మనిషికి వెయ్యి సెస్టర్సుల చొప్పున తానే పంచేవాడని సుయెటోనియస్ రాశాడు; లంచం నివారణకు ఇంతకన్నా విచిత్రమైన ఉపాయం మరొకటి కనిపించదు. క్రీ.శ. 14లో టైబీరియస్ గద్దెనెక్కగానే ఎంపిక ఓటర్ల సభ నుంచి సెనేట్‌కు మారింది. హక్కు పోయినందుకు జనం కాస్త గొణుక్కున్నారే గాని ఎదురు తిరగలేదనీ, డబ్బు పంచే బాధా, హీనంగా బతిమాలే బాధా తప్పినందుకు సెనేటర్లు సంతోషించారనీ టాసిటస్ నమోదు చేశాడు.

ఓటింగు కోసం సీజర్ తలపెట్టిన పాలరాతి ప్రాంగణం ‘సెప్టా’ అగస్టస్ సేనాని అగ్రిప్పా చేతుల మీదుగా క్రీ.పూ. 26లో పూర్తయింది. గ్లాడియేటర్ల పోరాటాలకు అది వేదిక అయింది. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర కవి మార్షల్ రోజుల నాటికి అక్కడ అందమైన బానిసలనూ, ఏనుగుదంతపు వస్తువులనూ, పాత కంచు బొమ్మలనూ అమ్మే ఖరీదైన దుకాణాలు ఉండేవి.